చెయ్యి దించేదాకా

ఆవిడ కుర్చీలో కూర్చుంటుందంటే అబద్ధం చెప్పినట్టే. అంచున అలా ఆనుతుంది, అంతే. ఒక కాలు నేల మీద టకటక కొడుతూ ఉంటుంది. ఒక చెయ్యి మౌస్ మీద, రెండోది ఎప్పుడో చల్లారిపోయిన టీ కప్పు మీద. ఎదుటి మనిషి నోరు తెరిస్తే చాలు, ఆ వాక్యం పూర్తిచేసే పూచీ తనదే అన్నట్టు మధ్యలో అందుకుంటుంది. ఆఫీసులో ఆవిడని ఎక్స్‌ప్రెస్ అక్క అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆవిడకి అదో బిరుదు.

ఎక్స్‌ప్రెస్ అక్క పని బడిపిల్లలకి ఆన్‌లైన్ పాఠాలు తయారుచేయడం. టీచర్లని రికార్డింగ్ గదిలో కూర్చోబెట్టి వాళ్ల గొంతు పట్టుకోవాలి. దానికి బొమ్మలు కట్టాలి, మధ్యమధ్య ప్రశ్నలు పెట్టాలి. తర్వాత పిల్లల ముందు పెట్టి, వాళ్లు ఎక్కడ నుదురు చిట్లిస్తున్నారో చూసి, మళ్లీ దిద్దాలి. ఈ చివరి ముక్క ఆవిడకి అస్సలు పడదు. తను చేసిన పాఠం చూసి నుదురు చిట్లించే పిల్ల ఉంటే, తప్పు ఆ పిల్ల నుదుటిదే అని ఆవిడ గట్టి నమ్మకం.

ఈసారి చేతికొచ్చింది ఆరో తరగతి భిన్నాలు. ఆ తరగతికి లెక్కలు చెప్పే మాస్టారి గొంతులో చిన్న గడ్డ లేచింది. పాతికేళ్లకు పైగా అరిచి అరిచి వచ్చిన గడ్డ. ఆపరేషన్ చేయాలన్నారు, చేశాక చాలా రోజులు పెదవి విప్పకూడదన్నారు. అందుకని గొంతు పనిచేస్తుండగానే ఆయన పాఠాలు రికార్డు చేయిద్దామని బడివాళ్లు ఈ కంపెనీ తలుపు తట్టారు. మాస్టారు సెలవులో ఉన్నన్నాళ్లూ పిల్లలకి ఆ పాఠాలే దిక్కు. బడిలో అందరూ పెద్ద మేడం అని పిలిచే ప్రధానోపాధ్యాయురాలు దీనికి ఇంకో తోక తగిలించింది. పాఠంలో వచ్చే ప్రశ్నలకి ఎవరైతే సరిగ్గా జవాబులు ఇవ్వరో వాళ్లని లెక్కల పీరియడ్‌లో ఐదో తరగతి పిల్లలతో కూర్చోబెడతానంది.

ఆ ఆరో తరగతిలోనే ఎక్స్‌ప్రెస్ అక్క కూతురు చదువుతోంది. ఆ పిల్లని ఇంట్లో నిమ్మళం అంటారు. ఆ పేరు పెట్టింది నానమ్మ. పుట్టగానే పిల్లలందరూ కేరుమంటారు కదా, ఇది మాత్రం చుట్టూ ఓసారి చూసి, వ్యవహారమేమిటో తెలుసుకుని, అప్పుడు ఏడ్చిందట. నడక, తిండి, మాట అన్నీ అలాగే. పరీక్షల్లో సగం ప్రశ్నలు ఖాళీగా వదిలేసి వస్తోంది. లెక్కలైతే మరీను. కిందటిసారి బడికి పిలిచి పెద్ద మేడం చెప్పిన మాట తల్లి గుండెలో ముల్లులా దిగింది. "మీ అమ్మాయికి లెక్కలు ఎక్కట్లేదు" అంది ఆవిడ, కళ్లజోడు తుడుచుకుంటూ.

అందుకే ఈ పాఠం ఎక్స్‌ప్రెస్ అక్కకి ఉద్యోగం ఒక్కటే కాదు. ఊరందరి పిల్లలకీ అర్థమయ్యేలా చేసి తన పిల్లని ఐదో తరగతి బెంచీ మీద చూడాల్సొస్తే, ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని ఆఫీసులో టీ తాగుతుంది?

"అమ్మా, నాకు..." అంది నిమ్మళం ఒక సాయంత్రం, వంటింటి గుమ్మం పట్టుకుని.

"ఆకలి. తెలుసు. పాలు పెట్టాను, చేతులు కడుక్కుని రా. హోమ్‌వర్క్ అయిందా? కాలేదు, నీ మొహమే చెబుతోంది. బూట్లు అక్కడ విప్పావేంటి? తియ్యి."

నిమ్మళం బూట్లు తీసి పక్కన పెట్టింది. అత్తగారు కూరగాయల కత్తి పక్కన పెట్టి కోడలి వైపు చూసింది.

"దాన్ని ఒక్క ముక్క మాట్లాడనివ్వవే? నోట్లోంచి మాట బయటికి రాకముందే లాక్కుంటావు."

"మాట్లాడితే కదా అత్తయ్యా! దాని కోసం ఆగితే తెల్లారుతుంది."

నానమ్మ మళ్లీ కత్తి అందుకుంది. ఇంకేమైనా అన్నా, ఆ వాక్యం కూడా కోడలే పూర్తిచేసేది.

రికార్డింగ్ గదిలో మాస్టారితో పని నరకమైంది. గోడలకి మెత్తటి పలకలు అంటించిన చిన్న గది, కిటికీ లేదు, ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతుందని దాన్నీ ఆపేస్తారు. మాస్టారు చక్కగా చెబుతారు, అందులో వంక పెట్టడానికి లేదు. బొంగురు గొంతే, కానీ వింటే పక్కన కూర్చుని చెబుతున్నట్టుంటుంది. చిక్కల్లా ప్రశ్న దగ్గరే. "మూడింట రెండు వంతులు పెద్దదా, నాలుగింట మూడు వంతులు పెద్దదా?" అని అడుగుతారు. అడిగి, అరచెయ్యి పైకెత్తి, నోరు మూసుకుంటారు. ఎదురుగా మైకు తప్ప ఏమీ లేదు. అయినా ఆ చెయ్యి అలాగే ఉంటుంది. అద్దం ఇవతల ఎక్స్‌ప్రెస్ అక్క ముళ్ల మీద కూర్చున్నట్టు మెలికలు తిరుగుతుంది. చాలాసేపటికి చెయ్యి దించి, "సరే, ఇప్పుడు చూద్దాం" అంటూ ఆయన జవాబులోకి వెళ్తారు.

పాపం, గొంతు నొప్పి, కాస్త ఆగమని సైగ చేస్తున్నారు కాబోలు అనుకుంది ఆవిడ. అడగలేదు. అడిగితే ఆయన చెప్పేవారే. కానీ అనుకున్నాక ఇక అడగడమెందుకు అన్నది ఆవిడ పద్ధతి.

ఎడిటింగ్‌లో ఒక సౌకర్యం ఉంది. మాట లేని చోటల్లా అదే వెతికి కత్తిరించి పారేస్తుంది. ఆవిడ ఒక్క నొక్కు నొక్కింది. పాఠం సగానికి దిగింది! మాటలు ఒకదాని వెనక ఒకటి గుర్రాల్లా పరిగెత్తాయి. ఎక్స్‌ప్రెస్ అక్కకి కడుపు నిండింది. ఈలోగా రికార్డింగ్ కంప్యూటర్‌లో చోటు నిండిపోయిందని, గుమ్మంలో ఇంకో టీచరమ్మ కాచుకుని ఉందని, అసలు రికార్డింగులన్నీ అక్కడికక్కడే చెరిపేసింది. దాచుకోవడం, మళ్లీ వెతుక్కోవడం ఇలాంటివి ఆవిడకి చిరాకు. మేనేజరు పాఠం విని, "సింపుల్‌గా ఉంది, స్పీడ్‌గా ఉంది" అన్నాడు. ఆయన మెచ్చుకోలుకి అంతకంటే పెద్ద మాటలుండవు. మాస్టారు ఆస్పత్రిలో చేరారు.

మొదటి ట్రయల్ బడి కంప్యూటర్ గదిలో. పిల్లలందరూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు. మాస్టారి గొంతు వినగానే కొందరు నవ్వారు, ఒకడు అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాడు కూడా. ఎక్స్‌ప్రెస్ అక్క వాళ్ల వెనక అటూ ఇటూ తిరుగుతోంది. మొదటి ప్రశ్న వచ్చింది. దాని తోకలోనే "సరే, ఇప్పుడు చూద్దాం" వచ్చింది. తెర మీద ఎర్రటి అక్షరాల్లో "సమయం దాటింది" అని పడింది. పిల్లలు బిత్తరపోయారు. రెండో ప్రశ్నకి చురుకైనవాళ్లు విషయం పట్టేశారు. చదవడం మానేసి, ప్రశ్న రాగానే చేతికందిన జవాబు మీద నొక్కేయడం మొదలుపెట్టారు. గదంతా టిక్కుటిక్కుమని ఒకటే చప్పుడు. కొందరికి గుడ్డిగా తగిలాయి.

నిమ్మళం వేలు మాత్రం తెరకి కాస్త ఎడంగా గాల్లో ఆగింది. ప్రతి ప్రశ్నకీ అలాగే ఆగింది. ప్రతిసారీ సమయం దాటింది.

తల్లి వెనక నిలబడి చూస్తోంది. నొక్కవే, ఏదో ఒకటి నొక్కవే అని ఆవిడ పళ్ల మధ్య మాట నలుగుతోంది. చివర్లో వచ్చిన ఫలితాల్లో ఆ పిల్లకి ఎదురుగా సున్నా ఉంది. పెద్ద మేడం దాన్ని చూసి తల్లి వైపు జాలిగా చూసింది. తిట్టినా బాగుండేది.

"ఇంకోసారి దిద్ది తీసుకొస్తాను మేడం. అప్పటిదాకా ఎవర్నీ ఎక్కడికీ పంపకండి" అని ప్రాధేయపడింది ఎక్స్‌ప్రెస్ అక్క. జీవితంలో ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడింది అప్పుడేనేమో.

బడి గేటు బయట కూతురు ఆవిడ కొంగు పట్టుకుని ఆపింది.

"అమ్మా, నాకు..."

"అర్థం కాలేదు. అంతేగా? ఏడవకు. అమ్మ ఉంది కదా. ఇంకా తేలిగ్గా చేస్తాను. బొమ్మలు పెద్దవి పెడతాను. రంగులు పెడతాను. పద, బస్సు వచ్చేస్తోంది."

నిమ్మళం ఏడవట్లేదు. ఆ సంగతి చూసే తీరిక తల్లికి లేదు.

మర్నాటి నుంచి ఆఫీసులో ఆవిడ కాలుగాలిన పిల్లే. భిన్నాలకి కాళ్లూ చేతులూ పెట్టింది. రొట్టె ముక్కలు గంతులేశాయి. సంగీతం జోడించింది. జవాబు ముందు ఒక చిలక వచ్చి సూచన చెప్పేలా చేసింది. ఎంత పెడితే అంత హడావిడి పెరిగింది. మేనేజరు చూసి తల గోక్కున్నాడు. "లాభం లేదు మేడం. గొంతు మార్చేద్దాం. కంప్యూటర్ గొంతు పెడితే సింపుల్. ఆ మాస్టారి బొంగురు గొంతుతోనే వచ్చింది ఇదంతా."

ఆవిడకి ఒళ్లు మండింది. ఆయన గొంతుని అనడానికి ఈయనెవరు? కానీ ఎదురు చెప్పడానికి ఆధారమేదీ చేతిలో లేదు. అలవాటు లేని పనైనా సరే, ఒకర్ని వెళ్లి అడుగుదామని మాస్టారింటికి బయల్దేరింది.

మాస్టారు మెడకి గుడ్డ చుట్టుకుని వరండాలో కూర్చున్నారు. ఒళ్లో చిన్న తెల్లబోర్డు, జేబులో మార్కర్. మాట్లాడాలంటే దాని మీద రాయాలి. ఎక్స్‌ప్రెస్ అక్క ఆపకుండా జరిగిందంతా చెప్పేసింది. ఆయన అడ్డుపడే వీలే లేదు కాబట్టి ఆవిడకి ఎదురే లేకపోయింది. చెప్పి, ల్యాప్‌టాప్ తెరిచి మొదటి పాఠం పెట్టింది.

మాస్టారి గొంతు ప్రశ్న అడిగింది. వరండాలో కూర్చున్న మాస్టారి చెయ్యి దానంతటదే పైకి లేచింది. అరచెయ్యి విప్పి, ఎదురుగా క్లాసంతా ఉన్నట్టు. చెయ్యి ఇంకా భుజం దాటలేదు, ల్యాప్‌టాప్‌లోంచి "సరే, ఇప్పుడు చూద్దాం" వినబడింది. ఆయన తన చేతి వైపు చూసుకున్నారు. నవ్వొచ్చిందో, బాధేసిందో, దాన్ని మెల్లిగా ఒళ్లో పెట్టుకుని బోర్డు మీద రాశారు.

"గొంతు నాదే. పాఠం నాది కాదు. ఆగే చోట్లు ఏవమ్మా?"

"ఆగే చోట్లా? అవి మీకు గొంతు నొప్పి వచ్చి..." అని ఆవిడ తనకి తానే ఆగిపోయింది.

ఆయన తుడిచి మళ్లీ రాశారు. క్లాసులో చెయ్యి ఎత్తి ఉన్నంతసేపూ ఎవరూ జవాబు చెప్పకూడదు. తెలిసినవాడు కూడా నోరు మూసుకోవాలి. అందరికన్నా చివర ఆలోచించే పిల్ల మొహం తేటపడ్డాకే చెయ్యి దించాలి. అప్పుడు ఎవరైనా చెప్పొచ్చు.

ఎక్స్‌ప్రెస్ అక్క ల్యాప్‌టాప్ మూసేసింది. ఆయన పాఠంలో అసలు పాఠమున్న చోటే ఏరి ఏరి కత్తిరించింది తను. "కొంప ముంచాను మాస్టారూ. అసలువి లేవు. చెరిపేశాను" అంది. సిగ్గుతో కళ్లెత్తలేకపోయింది. "ఖాళీలు మళ్లీ పెట్టొచ్చు, అదేం పెద్ద పని కాదు. కానీ ఎక్కడ ఎంతసేపు పెట్టాలో నాకెలా తెలుస్తుంది?"

మాస్టారు రాశారు: "మీ అమ్మాయిని తీసుకురా."

"దాన్నా? అయ్యో, దానికి రావు మాస్టారూ! ఇంకెవరైనా చురుకైన పిల్లని..."

ఆయన రాసిన మాట కింద గీత గీశారు. మార్కర్ కిర్రుమంది.

అలా ఆదివారం పూట ఖాళీ ఆఫీసులో ముగ్గురూ కూర్చున్నారు. గోడలకి మెత్తటి పలకలున్న అదే గది. ఒకవైపు మాస్టారు, ఎదురుగా నిమ్మళం, పక్కన మౌస్ పట్టుకుని తల్లి. పాఠంలో ప్రశ్న వినిపించగానే ఆవిడ ఆపాలి. మాస్టారు చెయ్యెత్తుతారు, పిల్ల ఆలోచిస్తుంది. ఆయన చెయ్యి దించేదాకా ఎంతసేపు పట్టిందో అంత ఖాళీ అక్కడ చేర్చాలి. పిల్ల జవాబు పైకి చెప్పనక్కర్లేదు. ఎవరూ అడగరు కూడా.

ఇంత తేలిక పని ఎక్స్‌ప్రెస్ అక్క జన్మలో చేయలేదు, ఇంత కష్టమైనదీ చేయలేదు. మొదటి ప్రశ్నకే నాలుక దురద పెట్టింది. "అదేనే, మొన్న చెప్పానుగా, కింద అంకెలు సమానం చేసి..." అని సగం నోరు తెరిచింది. మాస్టారి ఎత్తిన చెయ్యి కూతురి మీద నుంచి తిన్నగా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ నోరు మూసుకుంది. కాలు టకటక కొట్టబోతే దాన్ని రెండో కాలితో అదిమిపట్టింది.

చేసేదేమీ లేక కూతురి వంక చూసింది. నిమ్మళం జడ కొస నోట్లో పెట్టుకుంది. పైకప్పు వైపు చూసింది. ఎడమ చేతి వేళ్లు ఒళ్లో ఏదో గీసి చెరిపాయి. కనుబొమల మధ్య చిన్న ముడి పడి, కాసేపు బిగుసుకుని, విడిపోయింది. జడ నోట్లోంచి జారింది. మాస్టారి చెయ్యి దిగింది.

పిల్ల మొహాన్ని ఇలా తిన్నగా, తీరిగ్గా చూసి ఎన్నాళ్లయిందో ఆవిడకి గుర్తు రాలేదు. పాఠాలన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది, మళ్లీ పాత పొడవుకి వచ్చాయి. మాస్టారు నిమ్మళం తల నిమిరి, బోర్డు చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

మేనేజరు విని బెంబేలెత్తాడు. "ఇన్ని ఖాళీలా? పిల్లలు నెట్ పోయిందనుకుంటారు మేడం! ఆ బటన్లన్నీ పీకి పెడతారు."

"అనుకోరు" అందావిడ. మాస్టారి అరచేతి ఫోటో ఒకటి తీసుకొచ్చింది. చాక్‌పీస్ గీతలు పడి, బొటనవేలి దగ్గర కాయ కాసిన చెయ్యి. ప్రశ్న అవగానే తెర మీద చెయ్యి కనబడుతుంది. అది ఉన్నంతసేపూ ఏ జవాబూ నొక్కడానికి పనిచేయదు. చెయ్యి దిగాక నొక్కొచ్చు, ఎంత ఆలస్యమైనా సరే; నొక్కాకే పాఠం ముందుకు సాగుతుంది. ఎర్ర అక్షరాలు లేవు, చిలక లేదు. "ఈసారీ తేడా వస్తే కంప్యూటర్ గొంతే" అన్నాడు మేనేజరు. ఒప్పుకున్నట్టే లెక్క.

రెండో ట్రయల్ నాడు మొదటి ప్రశ్న తర్వాత ఆ చెయ్యి కనబడగానే కంప్యూటర్ గదిలో నవ్వులు రేగాయి. "సార్ చెయ్యిరా!" అని ఎవడో అరిచాడు. మరుక్షణం ఎవరూ చెప్పకుండానే గదంతా సద్దుమణిగింది. మౌస్‌ల మీద నుంచి చేతులు లేచాయి. అందరూ తెరలోని అరచెయ్యి వైపు చూస్తూ, ఎవరి లోకంలో వాళ్లు పెదవులు కదుపుతూ కూర్చున్నారు. ఎక్స్‌ప్రెస్ అక్క ఆ నిశ్శబ్దం తట్టుకోలేక వరండాలోకి పోయి, చేతిసంచి పట్టీని మెలిపెడుతూ నిలబడింది.

చివరికి పెద్ద మేడం ఫలితాలు పట్టుకుని బయటికొచ్చింది. "ఎవర్నీ పంపక్కర్లేదు" అంది. కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, "మీ అమ్మాయివి అన్నీ కరెక్టు. అన్నీ" అంది, తనే నమ్మలేనట్టు.

తల్లికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. పిల్లలందరూ బయటికి తోసుకొస్తుంటే అందరికన్నా వెనకగా వస్తున్న నిమ్మళాన్ని లాక్కుని గుండెకి హత్తుకుంది.

"చూశావా! ఒక్క పాఠంతో భిన్నాలు ఎలా వచ్చేశాయో! అమ్మ చెప్పిందా లేదా? అమ్మ తలుచుకుంటే..."

"అమ్మా, నాకు..." అంది నిమ్మళం.

ఆకలి, నిద్ర, దాహం, కాళ్లనొప్పి, అన్నీ ఆవిడ నాలుక చివరికి పరుగెత్తుకొచ్చాయి. వాటన్నిటినీ గుటకవేసి మింగింది. సంచి పట్టీ గట్టిగా పట్టుకుంది. పిల్ల వరండా స్తంభం వైపు చూసింది, నేల వైపు చూసింది, జడ కొస అందుకోబోయి మానేసింది. గేటు బయట వాళ్ల బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది. తల్లి కదల్లేదు.

"నాకు భిన్నాలు ముందే వచ్చు. ఎప్పట్నుంచో వచ్చు" అంది నిమ్మళం. "మూడింట రెండు నిండు ఒకటి అవడానికి మూడో వంతు తక్కువ. నాలుగింట మూడుకి నాలుగో వంతే తక్కువ. తక్కువైన ముక్క చిన్నదైతే, ఉన్నది పెద్దది కదా. ఇది నేనే కనిపెట్టా. నీకు చెబుదామని ఎన్నిసార్లు వచ్చానో."

ఎన్నిసార్లో ఆవిడకి ఒక్కసారిగా కళ్ల ముందు కనబడింది. వంటింటి గుమ్మం, బడి గేటు, ఇంకా తను గమనించని ఎన్ని గుమ్మాలో. ఇది లెక్కలు రాని పిల్ల కాదు, వినేవాళ్లు లేని పిల్ల.

"అయ్యో నా తల్లీ, మరి నువ్వు నాకు..." అని ఆవిడ అందుకోబోయింది.

నిమ్మళం తన చిన్న అరచెయ్యి పైకెత్తింది, అచ్చం మాస్టారిలాగే.

"ఆగమ్మా. ఇంకా అవలేదు."

పిల్లలందరూ వెళ్లిపోయారు. ఆయా వచ్చి కంప్యూటర్ గదికి తాళం వేసుకుపోయింది. ఎక్స్‌ప్రెస్ అక్క నోరు మూసుకుని, కూతురి చేతినే చూస్తూ, అది దిగేదాకా అక్కడే నిలబడింది.